శనివారం కుంపటి

శనివారం ఎండ గడప దాకా వచ్చినా ప్రేమమ్మ ఇంట్లో పొయ్యి రాజలేదు. పాలెంలో మిగతా పది యూదుల ఇళ్ళలోనూ అంతే. ఏ శనివారమైనా ఈపాటికి బుడాన్ వచ్చి వెళ్ళేవాడు. అతను దూదేకుల మనిషి, ఊళ్ళో పరుపులు కుట్టుకుని బతుకుతాడు. శనివారం ఈ ఇళ్ళలో నిప్పు ముట్టుకోరని తెలిసినప్పటి నుంచి, ఎవరూ పిలవకుండానే వచ్చి పదకొండు పొయ్యిలూ వెలిగించి పోయేవాడు. ఐదేళ్ళుగా అదే వరస. "మీ దేవుడు మిమ్మల్ని కూర్చోమన్నాడు, మా దేవుడు నన్ను తిరగమన్నాడు" అని నవ్వేవాడు.

ఈ శనివారం రాలేదు. రావద్దన్నది ఆదాం.

ఆదాం ప్రేమమ్మ మొగుడు. పొగాకు కంపెనీలో మేస్త్రీ. పదో తరగతి రెండుసార్లు తప్పి మూడోసారి రాయలేదు. పాలెంలో ఆ మాత్రం చదివినవాడు కూడా లేడు గనక సమాజ మందిరంలో గ్రంథం చదివే పని అతనికి దక్కింది. మందిరమంటే తాటాకు పాక. ఆదాం మాత్రం దాని ముందు నిలబడితే గుంటూరు కలెక్టరాఫీసు ముందు నిలబడ్డట్టు నిలబడేవాడు. అతని గొంతు పెద్దది. ఆ గొంతంటే అతనికి చాలా ఇష్టం.

నెల కిందట బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి యూదుల పెద్ద ఒకాయన వీళ్ళని చూడ్డానికి వస్తానని, శుక్రవారం గుంటూరు చేరుకుంటానని రాశాడు. ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు ఉండాలని కూడా రాశాడు. కొన్ని ఇళ్ళలో మగదిక్కే లేదు గనక పాలెంలో సరిగ్గా పదిమందే ఉన్నారు. శుక్రవారం గుంటూరు దిగినవాడు శనివారం పది గంటల బస్సుకి వస్తాడని ఆదాం తనకు తనే లెక్క కట్టుకున్నాడు. ఇంకెవరినీ అడగలేదు. అడగటం అతనికి అలవాటు లేదు.

"నాయనకి ఒళ్ళు కాలిపోతా ఉంది. తెల్లార్లూ దగ్గాడు. కాసిని వేణ్ణీళ్ళన్నా లోపల పడాలయ్యా" అంది ప్రేమమ్మ.

ఆదాం గోడకున్న అద్దంలో చూసుకుంటూ, ప్రార్థనకి కప్పుకునే కుచ్చుల తెల్ల శాలువా సర్దుకుంటున్నాడు. ఆ కుచ్చులు కుట్టింది ప్రేమమ్మే.

"ఇవాళ ఏం వారం?" అన్నాడు.

"శనివారమని నాకు తెలవదా? వెలిగించేవాణ్ణి తరిమిందెవరు?"

"బొంబాయాయన వచ్చేసరికి ఒక సాయిబు ఇంటింటికీ తిరిగి పొయ్యిలు రాజేస్తా కనపడితే ఏమనుకుంటాడు? వీళ్ళేం యూదులు అనడూ?"

"ఆ మాట బుడాన్ మొహం మీదే అన్నావా?"

"అన్నా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? దండం పెట్టి పోయాడు."

"దండం కాదయ్యా అది. నీ మొహాన ఊసిపోయాడు. నీకు తెలిస్తేగా!"

ప్రేమమ్మ అగ్గిపెట్టె కోసం గూట్లో చెయ్యి పెట్టింది. గూడు ఖాళీ.

"వెతకమాక. పదకొండు ఇళ్ళ అగ్గిపెట్టెలూ నిన్న పొద్దుగూకక ముందే పోగుచేసి రేకుపెట్టెలో పెట్టి తాళం వేశా" అన్నాడు ఆదాం. చాలా గొప్ప పని చేసినట్టు చెప్పాడు.

వసారాలో నులక మంచం మీద ఆదెయ్య పడుకుని ఉన్నాడు. ప్రేమమ్మ తండ్రి. చెప్పులు కుట్టి కుట్టి వీపు వంగిపోయింది. పెళ్ళాం పోయాక కూతురి దగ్గరికి వచ్చి నాలుగేళ్ళయింది. అతనికి అక్షరమ్ముక్క రాదు. కానీ పాలెంలో ఎవరు పోయినా శవానికి నీళ్ళు పోసింది అతనే, గొయ్యి తవ్వింది అతనే. పాలెమంతా చర్చికి పోయే రోజుల్లోనూ అంతే, యూదులమని చెప్పుకున్నాకా అంతే. ప్రార్థనకి ఎవరన్నా రాకపోతే, ప్రార్థన కాగానే అందరూ ఆ మనిషి ఇంటికి పోయి పలకరించాలన్న కట్టుబాటు పెట్టింది కూడా ఆదెయ్యే. అల్లుడి చదువు మీద అతనికి పెద్ద గౌరవం లేదు. "చదువుతాడు, వినడు" అనేవాడు.

తొమ్మిది గంటలకి ఆదాం నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు ఏసోబు ఉన్నాడు. ఆదాం ఏదన్నా అంటే ముందు తలూపి తర్వాత వినే మనిషి.

"మామని మంచంతో ఎత్తండి" అన్నాడు ఆదాం.

ప్రేమమ్మ అడ్డం వచ్చింది. "ఎక్కడికి?"

"మందిరానికి. మామ లేకపోతే తొమ్మిదిమందే."

"రానివాడి ఇంటికి మనం పోవాలనిగా కట్టుబాటు? రాలేనివాణ్ణి మోసుకుపోవటమేంది? ఇది ఏ గ్రంథంలో ఉంది?"

"ఆడదానికి గ్రంథం సంగతెందుకు?" అన్నాడు ఏసోబు, ఆదాం వైపు చూస్తూ.

"నువ్వు మాట్లాడమాక ఏసోబూ. నీ పెళ్ళాం పురిట్లో పడుకుంటే పదిరోజులు నీ ఇంట్లో గంజి కాచింది నేను. ఆ పదిరోజులూ నేను ఆడదాన్నని గుర్తురాలేదా నీకు?"

ఏసోబు తల దించుకున్నాడు. దించుకుని మంచం కోడు పట్టుకున్నాడు. అలాంటివాళ్ళు సిగ్గుపడతారు, పని మాత్రం మానరు.

మంచం కదలగానే ఆదెయ్య కళ్ళు తెరిచాడు. "ఏందిరా, అప్పుడే మోస్తున్నారా? ఇంకా చావలేదురా నేను."

"మందిరానికి మామా. నువ్వేం చెయ్యొద్దు. పడుకుని ఉంటే చాలు" అన్నాడు ఆదాం.

"కళ్ళు మూసుకున్నా లెక్కకొస్తానా?"

"ఊపిరుంటే లెక్కే మామా" అన్నాడు ఏసోబు.

ఆదెయ్య నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు మందిరం దాకా ఆగలేదు.

ప్రేమమ్మ వాళ్ళ వెనక వెళ్ళలేదు. రోడ్డు దాటి బుడాన్ ఇంటికి పోయింది. బుడాన్ లేడు. పరుపుల పనికి పెదకాకాని పోయాడట. అతని భార్య జైనాబీ వాకిట్లో మిరపకాయలకి తొడాలు తీస్తోంది. ప్రేమమ్మని చూసి పీట వెయ్యలేదు.

"మీ ఆయన చేసిన మర్యాదకి మా ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఐదేళ్ళు వెలిగించిన చెయ్యి ఒక్కరోజులో మైలపడిందా?" అంది.

"ఎన్నన్నా పడతా వదినా. మా నాయన చలికి వణికిపోతా ఉన్నాడు. కాసిని నిప్పులు కావాలి."

జైనాబీ మిరపకాయలు పక్కకి నెట్టింది. లేచి లోపలికి పోయి కుంపటి నిండా బొగ్గులు రాజేసి తెచ్చింది. జావ కాచుకోను గిన్నెలో రాగిపిండి పోసి పైన మూత పెట్టింది.

"ఆదెయ్య మావ కోసం ఇస్తున్నా. మీ ఆయన దీని దగ్గర చేతులు కాచుకుంటే ఊరుకోను. పో. మా ఆయన రాగానే డాక్టర్ని తీసుకురమ్మంటా."

మందిరంలో ఆదాం చదువుతున్నాడు. రోజుకన్నా గొంతు ఇంకా పెంచాడు, బస్సు దిగినవాడికి రోడ్డు దాకా వినపడాలని. ఎనిమిదిమంది చాపల మీద ఉన్నారు. పదోవాడు మంచం మీద పళ్ళు టకటక కొట్టుకుంటూ ఉన్నాడు. ప్రేమమ్మ రెండు చేతులా కుంపటి పట్టుకుని మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి తండ్రి మంచం పక్కన పెట్టింది.

చదువు ఆగింది.

"నీకు మతి పోయిందా? మందిరంలోకి, ఇవాళ, నిప్పు తెస్తావా?"

"తెచ్చా."

"బయట పారెయ్యి."

"నువ్వే పారెయ్యి."

ఆదాం మూలనున్న నీళ్ళ చెంబు అందుకున్నాడు. ప్రేమమ్మ కదల్లేదు.

"నీళ్ళు పొయ్యి. ఆర్పు. శనివారం పని కూడదుగా, వెలిగించటం పనైతే ఆర్పటం పని కాదా? అది కూడా ఉందిగా నీ గ్రంథంలో. ఊఁ, పొయ్యి!"

ఆదాం చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తొమ్మిదో తరగతి పిల్లాడు బోర్డు దగ్గర నిలబడ్డట్టు. ఎనిమిదిమందిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నా ఇంట్లో నీకింక చోటు లేదు. మందిరంలోనూ లేదు. మీ నాయన్ని తీసుకుని ఎటన్నా పో" అన్నాడు ఆదాం. మాట గట్టిగానే వచ్చింది. నీళ్ళు మాత్రం చెంబులోనే ఉండిపోయాయి.

అప్పుడు ఆదెయ్య మోచేతి మీద కొంచెం లేచాడు.

"ప్రేమా, పోదాం పదమ్మా. ఒరేయ్ ఆదాం, నన్ను నీ లెక్కలోంచి తీసెయ్యి. నేను మనిషినై ఉంటేగా లెక్కకి."

దూరంగా బస్సు హారన్ వినపడింది. ఆదాం చెంబు కింద పెట్టి శాలువా సర్దుకుని బయటికి నడిచాడు. గుమ్మంలో ఉండగా ప్రేమమ్మ వెనక నుంచి అంది.

"ఏవయ్యా, ఒక్క మాట చెప్పి పో. శనివారం అగ్గిపుల్ల గియ్యని ఆయన, శనివారం బస్సెక్కుతాడా?"

ఆదాం అడుగు ఆగింది. నెల రోజులుగా ఆ సంగతి అతనికి తోచలేదు. మిగతా ఎనిమిదిమందిలో ఎవరికీ తోచలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అయినా ఆదాం వెళ్ళాడు. ఆగితే ఓడిపోయినట్టని వెళ్ళాడు.

బస్సు ఆగింది. ఒక కోళ్ళ గంప, ఇద్దరు కూలివాళ్ళు దిగారు. కండక్టర్ ఆదాం శాలువా వైపు చూసి, "పెళ్ళివారా? ఎక్కండి, చోటుంది" అన్నాడు. ఆదాం తల అడ్డంగా ఊపాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ తెల్ల శాలువా మీద దుమ్మంతా పడింది. దులుపుకోలేదు.

తిరిగి వచ్చేసరికి మందిరం ఖాళీ. ఆ ఎనిమిదిమందిలో నలుగురు మంచం ఎత్తి ఆదెయ్యని ఇంటికి చేర్చారు. తెచ్చిన చేతులే. ఈసారి ఎవరూ చెప్పకుండా ఎత్తాయి, అదొక్కటే తేడా.

ఆదాం ఇంటికి వచ్చాడు. ప్రేమమ్మ లేదు. బుడాన్ వచ్చాడేమో చూడ్డానికి మళ్ళీ రోడ్డు దాటి పోయింది. వసారాలో ఆదెయ్య ఒక్కడే ఉన్నాడు. మంచం పక్కన కుంపటి మీద నీళ్ళ గిన్నె ఉంది. నిప్పులు బూడిద పట్టి నల్లబడుతున్నాయి.

ఆదాం మంచం దగ్గరికి వచ్చాడు. దుప్పటి జారి మామ పాదాలు బయటపడ్డాయి. కప్పబోతే చేతికి తగిలాయి. ఒళ్ళంతా కాలుతున్నా పాదాలు రాళ్ళలా చల్లగా ఉన్నాయి. అంత చల్లని పాదాలు అతను ఒక్కసారే ముట్టుకున్నాడు. తన తండ్రి కలరాతో పోయినరోజు. ఆ రోజు పాలెంలో ఒక్కడూ ఇంటి ఛాయలకి రాలేదు. ఆదెయ్య వచ్చాడు. అప్పటికి చుట్టం కూడా కాదు. శవానికి నీళ్ళు పోసి, మోసి, పూడ్చి, పదహారేళ్ళ ఆదాంని తన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాడు. ఎంతమంది ఉన్నారని అప్పుడు లెక్కపెట్టలేదు.

ఆదాం వంగాడు. మోకాళ్ళ మీద కూర్చుని కుంపట్లోకి ఊదాడు. చుట్టూ చూసేవాళ్ళెవరూ లేరు. బూడిద లేచి మొహాన పడింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ బూడిదే.

"ఊదటం కూడా రాదు నీకు" అన్నాడు ఆదెయ్య, కళ్ళు తెరవకుండానే. "పైనుంచి కాదురా. అడుగున కన్నాలున్నాయి చూడు. అందులోకి ఊదు."

ఆదాం నేల మీద చెంప ఆనించి అడుగు నుంచి ఊదాడు. నిప్పులు ఎర్రబడ్డాయి. అతని భుజాలు కదులుతున్నాయి. ఊదటానికి కదులుతున్నాయో, ఏడవటానికో ఆదెయ్యకి తెలుసు. చెయ్యి చాచి అతని నెత్తి మీద పెట్టాడు.

ప్రేమమ్మ, బుడాన్, బుడాన్ సైకిల్ వెనక కూర్చున్న పల్లెటూరి డాక్టరు వచ్చేసరికి ఆదాం ఇంకా అలాగే ఉన్నాడు. మొహమంతా బూడిద. ప్రేమమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

ఆదాం లేచాడు. "బుడాన్, తప్పయింది" అన్నాడు.

"తప్పు సంగతి తర్వాత. ఆ గిన్నె దించు, మరుగుతా ఉంది" అన్నాడు బుడాన్.

డాక్టరు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు. సూది వేశాడు. చలి తగలనివ్వొద్దన్నాడు. ఆ సాయంత్రం దాకా ముగ్గురూ వంతులవారీగా కుంపటి చూశారు. పొద్దుగూకగానే ఆదాం రేకుపెట్టె తాళం తీసి, ఎవరి అగ్గిపెట్టె వాళ్ళకి తనే తిరిగి ఇచ్చి వచ్చాడు. పది ఇళ్ళలోనూ తీసుకున్నారు. కూర్చోమన్నవాళ్ళు తక్కువ.

"నన్ను పొమ్మన్నావుగా?" అంది ప్రేమమ్మ.

"నువ్వు పోతే ఈ పాలెంలో నా మొహం చూసేదెవరే?" అన్నాడు.

"నేను చూసేదీ నాయన కోసమే" అంది. అంటూ చెంగుతో అతని మొహాన ఉన్న బూడిద తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది.

ఆదివారం పొద్దున జ్వరం కొంచెం దిగింది. ఆదెయ్యని గోడకి ఆనించి కూర్చోబెట్టి ఆదాం గరిటెతో జావ పడుతున్నాడు. సగం నోట్లో, సగం గడ్డం మీద.

ఏసోబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతున్నాడు.

"అన్నా! వచ్చాడన్నా! బొంబాయాయన! ఇప్పుడే బస్సు దిగాడు. గడ్డం, టోపీ, అంతా ఉంది. పెద్దెవరని అడుగుతున్నాడు. శాలువా వేసుకుని రా అన్నా, తొందరగా!"

"పోరా, పో" అన్నాడు ఆదెయ్య. "నెలంతా ఎదురుచూశావుగా. పోయి చూపించుకో."

ఆదాం తల తిప్పలేదు.

"అరుగు మీద కూర్చోబెట్టు ఏసోబూ. మంచినీళ్ళివ్వు. మా మామ జావ తాగుతున్నాడని చెప్పు" అన్నాడు.

ఏసోబు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నిన్ను కాదురా నోరు తెరవమంది" అని, ఆదాం గరిటె ముందుకు జరిపాడు. "నువ్వు తెరువు మామా."