ఇంజిన్‌కు తోడు

మధ్యాహ్నం రెండుంపావుకు ఫ్యాను ఆగింది. అంటే పోసిబాబు ఇంట్లో లేడని ఎరుక తేల్చేసింది.

పోసిబాబు ఇంట్లోనే ఉన్నాడు. ఫ్యాను కిందే మడతకుర్చీలో కూచుని గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు. చాలాసేపటినుంచి కదల్లేదు, అంతే. గది మూలనున్న కదలికకన్ను ఇరవై నిమిషాలు ఓపిక పట్టి, ఇక లాభం లేదనుకుంది. గుమ్మం పక్క పలకమీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి: "ఇల్లు ఖాళీ. విశ్రాంతి." అతను కుడిచెయ్యెత్తి, రైలెక్కినవాళ్ళకు ఊపినట్టు ఊపాడు. తన ఇంట్లో తానున్నానని ఒప్పించడానికి ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది.

ఇంటింటికీ కరెంటు పంచే ఈ ఎరుక యంత్రాంగం వచ్చి పన్నెండేళ్ళయింది. ఎవరికి ఎప్పుడు ఎంత కరెంటు కావాలో అదే కనిపెట్టేది. అక్కర్లేని ఇంటినుంచి తీసి, కావలసినచోటికి పంపేది. కరెంటు కోత అనే మాటే పిల్లలకు తెలియకుండా పోయింది. ఆస్పత్రుల్లో దీపం ఒక్కసారి కూడా ఆరలేదు. ఇంత మేలుకు బదులుగా జనం అలవాటు చేసుకోవలసింది ఒక్కటే, ఇంట్లో ఉన్నప్పుడు ఉన్నట్టు కనబడాలి. ఆకివీడులో పెద్దలు పేపరు చదువుతూ కాలు ఊపడం నేర్చుకున్నారు. కొందరు తెలివిమంతులు కన్నుకెదురుగా తలూపే బొమ్మల్ని పెట్టారు గాని, నాలుగు నెలల్లో ఎరుక బొమ్మల్ని గుర్తుపట్టేసింది. రాత్రి నిద్రవేళలు దానికి తెలుసు. పట్టపగలు కదలకుండా ఉండే మనిషే దానికి అంతుపట్టలేదు.

పోసిబాబు భార్య భూలక్ష్మి అలాగే పోయింది. ఆరేళ్ళ కిందట, రోహిణీకార్తెలో.

అప్పట్లో అతను కాలవగట్టు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఇంజిన్ డ్రైవరు. ఫ్యాక్టరీకి మధ్యాహ్నాలు కరెంటు అక్కర్లేదని ఎరుక నిర్ణయించడంతో, ఆ మూడు గంటలూ పాత జనరేటరు ఆడించేవారు. ఆడుతున్న ఇంజిన్‌ని వదిలి పక్కకు పోకూడదన్నది ఆ పనిలో మొదటి కట్టుబాటు. ముప్ఫై ఏళ్ళలో పోసిబాబు ఒక్కసారీ దాన్ని తప్పలేదు. ఆ రోజు రెండింటికి భూలక్ష్మి ఫోను చేసింది.

"ఒళ్ళు కాలిపోతందండీ. ఓసారి రాగలరా?"

"ఇంజినాడతంది లచ్చీ. అయిదింటికి ఆపేసి వచ్చేత్తాను. అటూ ఇటూ తిరక్కుండా పడుకో."

ఆమె మాట విని పడుకుంది. కదల్లేదు. ఇరవై నిమిషాల తర్వాత ఎరుక ఆ ఇంటిని ఖాళీ అనుకుని కూలరూ ఫ్యానూ తీసేసింది. తలుపులు మూసిన ఆ గదిలో మూడు గంటల వేడి ఎంతుంటుందో ఎండాకాలం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎరుక కార్యాలయానికి రాస్తే, వ్యవస్థ నియమం ప్రకారమే పనిచేసిందనీ సంతాపమనీ రెండు వాక్యాల జవాబొచ్చింది. పోసిబాబు దాన్ని పదిసార్లు చదివాడు. అందులో అబద్ధమేమీ లేదు. పడుకోమన్నది తనే.

ఆ తర్వాత అతను వీధిలో ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. మానెయ్యాలని ఏమీ అనుకోలేదు. ఎవరి కన్ను ముందు వాళ్ళు కదులుతూ కూచునే రోజులవి, మానేసినట్టు ఎవరికీ తెలియను కూడా తెలియలేదు.

ఐసు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే ఉండేవాడు. అక్కడి జనరేటరును పాత ఇనుముకింద విడగొడతారని విన్నరోజు మాత్రం అతను లేచాడు. యజమాని దగ్గరికి వెళ్ళి అడిగి, ట్రాక్టరు తొట్టిలో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాడు. మనిషి కదలకుండా ఉన్నా ఫ్యాను తిరిగే ఇల్లు ఒకటి ఈ భూమ్మీద ఉండాలి. అతనికి కావలసింది అంతే.

ఎదురింటి దర్జీ మస్తాను గుమ్మంలో నిలబడి ఆ ఇనుప గుట్టను కిందికీ పైకీ చూశాడు.

"ఒక ఫ్యానుకీ రెండు లైట్లకీ ఇంతదేంటన్నా? దీంతో వీధి వీధంతా ఆడద్ది."

"ఎక్కువుంటే నష్టమేటి?" అన్నాడు పోసిబాబు. ఐసు ఫ్యాక్టరీల్లోనూ రొయ్యల చెరువుల మీదా పనిచేసినవాళ్ళందరి నమ్మకమూ అదే. కావలసినదానికి రెట్టింపు ఇంజిన్ పెట్టుకుంటేనే వాళ్ళకు నిద్రపడుతుంది.

పెరట్లో రేకుల కొట్టం వేశాడు. సిమెంటు దిమ్మ పోసి, అదురు ఇంట్లోకి రాకుండా ఇంజిన్ కింద రబ్బరు మెత్తలు వేశాడు. పొగగొట్టానికి రెండో సైలెన్సరు తగిలించి, పొడుగ్గా కొబ్బరిచెట్ల మీదికి లేపాడు. గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ నింపి ఎర్తింగు దించాడు. డీజిలు దొరకడం ఎప్పుడో మానేసింది గనక, పాడుపడ్డ రొయ్యల చెరువుల్లో నాచునుంచి తీసే నాచునూనెకు సరిపడా పంపునూ ఫిల్టర్లనూ మార్చాడు. ఎరుక కరెంటూ ఇంజిన్ కరెంటూ ఒకదానితో ఒకటి కలిస్తే కొంపలంటుకుంటాయి. అందుకని గోడకు ఒక మార్పుమీట బిగించాడు. మీట పైకుంటే ఎరుక, కిందికి దించితే ఇంజిన్. ఇలాంటి పనిని ఎరుక నియమాల్లో ఎవరూ నిషేధించలేదు. ఎవరికీ తోచలేదు మరి.

మొదటి మధ్యాహ్నం మీట దించి, పెరటి తలుపులోంచి ఇంజిన్ కనబడేలా ఫ్యాను కింద మడతకుర్చీ వేసుకుని మూడు గంటలు కదలకుండా కూచున్నాడు. పలకమీద ఇల్లు ఖాళీ అన్న అక్షరాలు వెలిగాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అతనికి ఏడుపొచ్చింది. భూలక్ష్మికి చూపించాలనిపించింది.

మూడో వారానికి ఇంజిన్‌కు జబ్బు చేసింది.

పొగగొట్టం అతుకుల్లోంచి నల్లటి జిడ్డు కారసాగింది. పొగ తెల్లబడింది, గొంతు బొంగురుపోయింది. స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ ఒంటికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని వింటే లోపలి మాట తెలుస్తుంది. విన్నాడు. ముప్ఫై ఏళ్ళూ మోయలేని బరువు మోస్తున్న ఇంజిన్లనే చూసినవాడికి ఈ జబ్బు తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. దానికి పని చాలడంలేదు. అరవై రెండు కేవీఏ ఇంజిన్‌కి ఒక్క ఫ్యాను ఏ మూలకు? బరువు లేనప్పుడు లోపల వేడి పుట్టదు, నూనె పూర్తిగా కాలదు, మిగిలింది మసై పేరుకుంటుంది. అంత పెద్ద ఇంజిన్ ఒక్క మనిషి కోసం ఆడుతూ బతకలేదు.

ఆరేళ్ళ తర్వాత పోసిబాబు ఉతికిన చొక్కా వేసుకుని వీధిలో తలుపులు తట్టాడు. అందరూ అతను ఏదో అడగడానికొచ్చాడనుకున్నారు. నిజానికి అడగడానికే వచ్చాడు, తన కరెంటు వాడిపెట్టమని. మస్తాను ఇస్త్రీపెట్టె పెట్టుకుంటానన్నాడు. వీధి మొదట్లో ఇంటివాళ్ళు కూలరుకు సరేనన్నారు. చివరింట్లో రాహేలమ్మ ఒంటరిగా ఉంటుంది. చిన్నబడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. ఆమె అతన్ని కూచోబెట్టి ప్రశ్నలు వేసింది.

"నేను కరెంటు వాడితే మీకు సాయమా?"

"ఆయ్. ఇంజిన్ బతుకుద్దండి టీచరుగారూ."

"ఎన్నింటికి వాడమంటారు?"

"రెండు నుంచి అయిదు దాకా ఎప్పుడైనా పర్లేదండి."

"ఎప్పుడైనా అంటే ఎవరూ చెయ్యరు. నా దగ్గర గ్రైండరుంది. మూడింటికి వేస్తాను."

ఇంటింటికీ వైరు లాగి మార్పుమీటలు బిగించాడు. వారంలో జిడ్డు కారడం ఆగింది. పొగ పల్చబడింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు అతను కొట్టంలో స్టూలు మీద కూచుని, స్క్రూడ్రైవరు చెవికి ఆనించి వీధిని వినేవాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కి ఆగుతూ మళ్ళీ అందుకుంటూ ఉంటే ఇంజిన్ చిన్నగా తడబడేది. అది మస్తాను. కూలరు బరువు వేసినచోటే ఉండిపోయేది. మూడు కొట్టగానే ఇంజిన్ గొంతు ఒక్క క్షణం దిగి, గుక్క తిప్పుకుని, పైకి లేచేది. అది టీచరుగారి గ్రైండరు. ఇరవై నిమిషాలు ఆడి ఆగేది. రోజూ అంత పిండి ఎవరికోసమో అనుకునేవాడు. ఆదివారం కూడా తప్పదే, ఎవరో చుట్టాలొస్తూంటారు కాబోలు. ఒకరోజు గ్రైండరు వేసి, తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశారు. ప్లగ్గు వదులై ఉంటుందనుకున్నాడు. వెళ్ళి చూడొచ్చు. వెళ్ళలేదు. అందరి వేళలూ తెలిసి కూడా అతను ఎవరి గుమ్మమూ మళ్ళీ ఎక్కలేదు. పలకరించడానికి ఏదో ఒక పనుండాలి, ఆ పని అయిపోయింది మరి.

వైశాఖంలో ఒక మంగళవారం మూడు కొట్టింది. ఇంజిన్ గొంతు దిగలేదు.

పోసిబాబు పిడిని చెవికి ఇంకాస్త నొక్కాడు. ఇస్త్రీపెట్టె ఉంది. కూలరుంది. మూడూ అయిదైంది. ఊరెళ్ళారేమో అనుకున్నాడు. నిన్న మూడింటికి వేసిన మనిషి చెప్పకుండా ఎక్కడికెళ్తుంది? చెప్పడానికి మాత్రం ఆమెతో తనకేం మాటలున్నాయని? మూడూ పది. ఎదురుగా ఇంజిన్ ఆడుతోంది. ఆపితే మస్తాను పని చెడుతుంది, ఎండవేళ మొదటింటివాళ్ళ కూలరు ఆగుతుంది. ఆడుతున్న ఇంజిన్‌ని వదిలి పక్కకు పోకూడదు.

అయిదింటికి ఆపేసి వచ్చేత్తాను అన్న మాట అతని చెవిలోనే ఉంది. ఆరేళ్ళుగా అక్కడే ఉంది.

స్క్రూడ్రైవరు స్టూలు మీద పెట్టి, ఇంజిన్‌ని ఆడుతుండగానే వదిలేసి పరిగెత్తాడు.

పెరటి తలుపు గడియ వెయ్యలేదు. వంటింటి గుమ్మంలో రాహేలమ్మ పక్కకు ఒరిగి పడి ఉంది. పొద్దున్న కాలు జారి తుంటి విరిగినట్టుంది, లేవలేకపోయింది. చీర చెమటతో తడిసి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. గుమ్మం పక్క పలకమీద ఆకుపచ్చగా, నిదానంగా రాసి ఉంది: "ఇల్లు ఖాళీ. విశ్రాంతి."

పోసిబాబు మొదట మీట కిందికి దించాడు. ఫ్యాను తిరిగింది. తువ్వాలు తడిపి ఆమె మెడకు చుట్టి, చెంచాతో నీళ్ళు పట్టాడు. అంబులెన్సుకు ఫోను చేశాడు. అరగంటలో వస్తామన్నారు. కాలు కదపకుండా, తల కింద చీర మడిచి పెట్టి, పక్కనే నేలమీద కూచున్నాడు.

"టైమెంతయింది?" అంది రాహేలమ్మ.

"మూడున్నరండి."

"మూడు దాటితే మీరొస్తారనుకున్నాను. ఇంజిన్ ఆపి వచ్చారా?"

"లేదండి. ఆడతానే ఉంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆడుతుండగా మీరు కొట్టం దాటరని మస్తాను చెప్పాడే."

అతను ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూశాడు. చేతికందే దూరంలో గ్రైండరుంది. గిన్నె కడిగి బోర్లించినంత శుభ్రంగా ఉంది. రాళ్ళు నున్నగా, తెల్లగా ఉన్నాయి. పిండి మరక ఒక్కటీ లేదు. అంత ఇంట్లో బియ్యం నానబోసిన గిన్నె కూడా కనబడలేదు.

"పిండేదండీ?"

"ఏం పిండి? ఒక్కదాన్ని, రోజూ ఏం రుబ్బుకుంటాను? రాళ్ళరక్కుండా గ్లాసుడు నీళ్ళు పోసి తిప్పుతాను."

"ఇంజిన్ కోసమా అండీ?"

"మొదట్లో దానికోసమే." ఆమె ఊపిరి తీసుకుంది. "నేను వెయ్యగానే మీ ఇంజిన్ గొంతు దిగి, మళ్ళీ లేస్తుంది చూడండి. ఎవరో ఊఁ అన్నట్టుంటుంది. నిజమో కాదో చూద్దామని ఒకరోజు రెండుసార్లు వేసి తీశాను. రెండుసార్లూ అంది."

ఇంజిన్‌కి గవర్నరని ఒకటుంటుంది. బరువు పడగానే నూనె పెంచి, దానంతటదే సర్దుకుంటుంది. మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే. పోసిబాబుకు ఇదంతా తెలుసు. చెప్పబోయి మానుకున్నాడు.

"విన్నానండి టీచరుగారూ," అన్నాడు. "రెండుసార్లూ విన్నాను."

రాహేలమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవులవైపు జారాయి. కాసేపటికి, "ఇవాళ ఆలస్యమైపోయింది. వెయ్యండి," అంది.

అతను లేచి గ్లాసుడు నీళ్ళు పోసి గ్రైండరు వేశాడు. వీధి ఆ చివర, కొబ్బరిచెట్ల వెనక, మనిషి లేని కొట్టంలో ఇంజిన్ గొంతు ఒక్క క్షణం దిగి, గుక్క తిప్పుకుని, పైకి లేచింది. ముప్ఫై ఏళ్ళకు పైగా అతను ఆ చప్పుడును పక్కన కూచుని విన్నవాడే. ఇంట్లో ఎదురుచూసే మనిషికి అదెలా వినబడుతుందో ఇప్పుడే విన్నాడు.

పక్కకొచ్చి కూచున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు. పలకమీద ఇల్లు ఖాళీ అనే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.