హగినొ కోట గోడలో ఆడమనిషి

చీకటి పడ్డాక హగినొ కోట బురుజు కింద నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కారు. చుట్టూ తిరిగి వరిమళ్ళ గట్ల మీద బురదలో పడుతూ లేస్తూ అయినా పోయేవాళ్ళుగానీ, ఆ రాతిగోడ పక్కన అడుగు పెట్టేవాళ్ళు కారు.

కోట కట్టే రోజుల్లో ఆ గోడ నిలవలేదట. ఎన్నిసార్లు లేపితే అన్నిసార్లు కూలిందట. చివరికి ఎవరో దిక్కులేని ఆడపిల్లని ప్రాణంతో లోపల నిలబెట్టి రాళ్ళు పేర్చారట... అప్పట్నుంచి గోడ కదల్లేదు. వాన రాత్రుళ్ళు మాత్రం లోపల్నించి సన్నగా ఏడుపు. తాగొచ్చినవాళ్ళూ విన్నారు, తాగనివాళ్ళూ విన్నారు.

కోట కావలివాడు కురాహషి మాత్రం ఎన్నడూ వినలేదు. పడుచుతనం నుంచీ అక్కడే కాపలా. ప్రభువుగారు కోట వదిలి టోక్యో వెళ్ళిపోయారు. కత్తి పెట్టుకోవద్దని కొత్త సర్కారు చెప్పింది, తల మీద ముడి కోసేసుకోమంది. అన్నిటికీ తలూపాడు. ఇప్పుడు బురుజునే కలప కింద అమ్మేశారు. రేపు తెల్లారితే తొరాజి మేస్త్రీ మనుషులు గొడ్డళ్ళు పట్టుకుని దిగుతారు. తాళంచెవుల గుత్తి ఇంకా ముసలాడి నడుముకే వేలాడుతోంది, ఎవరూ అడగలేదు కూడా.

ఆ మధ్యాహ్నం ఫొటోలు తీసే మినోబె వచ్చాడు. వెంట ఒక బక్కగుర్రం, దాని మీద పెద్ద డబ్బా, నల్లబట్ట డేరా.

మనిషి నలిగిపోయి ఉన్నాడు. నాగసాకిలో ఆయనతో పాటు ఈ విద్య నేర్చుకున్నవాళ్ళంతా దొరల ముఖాలూ, ఆడిపాడే గేషాల ముఖాలూ తీసి బాగుపడ్డారు. ఈయన గోడలు తీశాడు, కప్పులు తీశాడు, పాత గుళ్ళ దూలాలు తీశాడు. దేశంలో ఇంకెవరికీ ఆ ఆలోచన రాకముందు నుంచీ తీస్తున్నాడు. ఫొటో మందులకి వేళ్ళు నల్లబడిపోయాయి.

రేపటి పని కోసం కూలీలతో సహా ముందే గేటు దగ్గర మకాం వేసిన తొరాజి ఈయన్ని చూసి పకపకా నవ్వాడు.

"వచ్చాడ్రా! ఈ పెద్దమనిషి డబ్బా దించాడంటే ఆ కోటకి నూకలు చెల్లినట్టే. ఎక్కడికెళ్ళినా మాకంటే ముందే తయారు, శవానికి స్నానం పోసేవాడిలాగ."

మినోబె గుర్రం మీంచి డబ్బా దించాడు. మెట్ల మీద కూలబడ్డాడు. కురాహషి నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప తెచ్చి సగం విరిచి ఇచ్చాడు.

"ఆ మేస్త్రీ మాటలు పట్టించుకోకండి."

"అబద్ధం కాదుగదండీ. మొదట్లో నా ఫొటో చూసి ఎవరో ఒకరు జాలిపడతారు, పడగొట్టడం ఆపుతారనుకున్నా. ఒక్కటీ ఆగలేదు."

"మరెందుకు తిరుగుతున్నారు?"

"ఇంకో పని రాదు."

ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. చలికాలం పొద్దు, చూస్తుండగానే వాలిపోతోంది. మినోబె లేచి డేరాలో దూరాడు. చాలాసేపటికి గాజుపలకకి మందు పూసుకుని బయటికొచ్చి, డబ్బాలో పెట్టి, గోడకేసి తిప్పి మూత తీశాడు. వెలుగు చాలదు, బొమ్మ పడ్డానికి చాలాసేపు పడుతుంది. అందుకని నిలబడి... నిలబడి... ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నిలబడ్డాడు.

ఆ మందు తడి ఆరకముందే బొమ్మ కడగాలి. మూత వేసి, పలక పట్టుకుని గబగబా మళ్ళీ డేరాలోకి పోయాడు.

చీకటి పడింది. లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆగిపోయింది.

"అయిందా అండీ?" అన్నాడు కురాహషి.

కురాహషి డేరా దగ్గరకి జరిగాడు.

"మినోబె గారూ..."

డేరాలో ఉలుకూ పలుకూ లేదు. తొరాజికి ఓపిక చచ్చి, లాంతరు పట్టుకుని వచ్చి నల్లబట్ట పక్కకి లాగాడు. మినోబె నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నల్లగుడ్డ, దాని మీద తడిగాజు.

గాజులో బురుజు ఉంది. కింద రాతిగోడ ఉంది. ఆ రాళ్ళలోంచి... గోడంత ఎత్తున ఒక ఆడదాని ముఖం. పొగలా పల్చగా. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూసేవాడి వైపే చూస్తున్నాయి.

"ఓరి దేవుడో!"

వెనకాల నిలబడ్డ కూలీలు గొడ్డళ్ళు అక్కడే పారేసి పరుగు లంకించుకున్నారు. కురాహషి గోడకేసి చూశాడు. ఇన్నేళ్ళూ ఈ గోడకి వీపు ఆనించి నిద్రపోయాను గదా అనుకుంటే వెన్ను జలదరించింది. చేతులు జోడించి అమిద బుద్ధుణ్ణి తలుచుకున్నాడు.

తొరాజి గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"అయ్యా... ఆవిడ గాజులోకి వచ్చేసింది. పట్టుకుపోండి. మీ వెంట ఊరు దాటించండి. ఆవిడ పోతే ఇది ఉత్త రాళ్ళగుట్టే, రేపు మా పని మేం చేసుకుంటాం."

"పట్టుకుపోకపోతే?"

"ఆవిడ లోపలుండగా ఆ గోడ మీద చెయ్యేసేవాడు ఈ చుట్టుపక్కల దొరకడు."

మినోబె పలకకేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచాడు. గోడ దగ్గరకెళ్ళి, రెండు పెద్ద రాళ్ళ మధ్య సందులోకి పలకని మెల్లగా తోశాడు. అది జారింది... లోపలెక్కడో భళ్ళుమంది.

తొరాజి వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

బురుజు నిలిచింది. కురాహషి మోకాళ్ళ మీద పడి, నుదురు నేలకి ఆనించి దణ్ణం పెట్టాడు.

"ఎంత గుండె అండీ మీది! ఆవిణ్ణి చూసి భయమెయ్యలేదా?"

"సయోని చూసి నాకు భయమేంటండీ..." మినోబె డేరా తాళ్ళు విప్పుతున్నాడు. "నా భార్య. పోయి నాలుగేళ్ళయింది."

కురాహషి లేచి, పలక జారిన సందుకేసి చూశాడు.

"గాజుపలకలు అయిపోయాయి. రేపు వస్తే మీ కోట ఉండదు. తన ఫొటో ఉన్న పలక ఒక్కటే మిగిలింది... గీకి, బూడిదనీళ్ళతో కడిగి వాడాను. మసకవెలుతుర్లో సరిగా కడగలేకపోయాను. ఒక్కోసారి పాత బొమ్మ పూర్తిగా వదలదు."

"అయ్యో... ఇంట్లో ఇంకో ఫొటో ఉందిగదా?"

మినోబె డేరా మడిచి గుర్రం మీద వేశాడు. తాడు సగం బిగించి ఆగాడు. అలాగే గుర్రం మెడ మీద తల వాల్చి నిలబడ్డాడు.

"'నన్ను కూడా ఒకటి తియ్యండి, మీరు ఊళ్ళు పట్టుకు పోతారు, నాకు తోడుంటుంది' అని తనే అడిగి తీయించుకుంది. గోడలకైతే లెక్కలేనన్ని తీశానండి. తనకి అదొక్కటే."