నాలుగు గంటల వార్తల్లో ఆకుపచ్చ కోటు

ఎడిట్ రూములో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మనిషి చచ్చిపోయి ఇరవై నిమిషాలైనా ఎవరికీ తెలియలేదు. వీడియో ఎడిటర్ అంటే మామూలుగానే చూపు తెరమీద, నోరు మూత, ఉలుకూ పలుకూ ఉండదు. వార్తలు తెప్పించే ఇన్‌పుట్ డెస్క్ నుంచి ఒకతను వచ్చి "మంత్రిగారి బైట్ కట్ చేశావా అన్నా?" అని అడిగి పోయాడు. వాటిని ప్రసారానికి పేర్చే అవుట్‌పుట్ నుంచి ఒకావిడ వచ్చి విసుక్కుని పోయింది. మూడో మనిషి భుజం తడితే పక్కకు ఒరిగాడు. మెడమీద సూది గుర్తు. ముందున్న కాగితం మీద మూడే మాటలు: రంగు చూసి కదులు.

మర్నాడు పొద్దున పెద్దాయన ముందు కూర్చున్నాడు నత్త. గూఢచారి విభాగంలో అతని కోడ్‌నేమ్ అది. కొంప మునుగుతున్నా కంగారు పడడని అలా పెట్టారు.

"నిన్న న్యూస్ చానల్లో ఎడిటర్‌ని చంపింది విదేశీ ఆయుధాల ముఠా," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ సరుకు మోసిన ఓడ కెప్టెన్ మన చేతిలో ఉన్నాడు. రెండు వారాల్లో కోర్టులో నోరు విప్పుతాడు. విప్పకముందే లేపేయాలని వాళ్ళ ప్లాను."

"దానికీ న్యూస్ చానల్‌కీ ఏం సంబంధం సార్?"

"కోర్టుకు తూర్పున ఒక గేటు, పడమట ఒక గేటు. కారు ఏ గేటుకొస్తుందో చివరి అరగంటలో తేలుస్తాం. లైవ్ వ్యాన్ పెట్టుకోవాలి గనక చానల్‌కు అప్పుడే చెబుతాం. ఆ కబురు లోపలివాళ్ళెవరో హంతకుడికి చేరేస్తారు. ఎలా అన్నదే తెలీదు. కోర్టు చుట్టూ జామర్లు. ఫోన్లు పనిచేయవు, మా వైర్‌లెస్ సెట్లు కూడా మూగవే. వెళ్ళి తేల్చు. నువ్వు ప్రాంప్టర్ ఆపరేటర్‌వి. అక్కడ మన మనిషి ఉంది, సాయంత్రం వార్తల యాంకర్. 'కుర్చీ స్క్రూ వదులైంది' అను. 'వడ్రంగి సెలవులో ఉన్నాడు' అంటుంది."

పెన్నులో ట్రాన్స్‌మిటర్, కళ్ళజోడులో కెమెరా, బెల్టులో సన్నటి ఉక్కుతీగ ఇచ్చారు. గుమ్మం దాటబోతుంటే పెద్దాయన మళ్ళీ పిలిచాడు.

"కెప్టెన్ కారు నడిపేది మీ బావ. డ్రైవర్లలో అతన్ని మించినవాడు లేడు మరి."

 లిఫ్టు ఎక్కాల్సిన నత్త ఆ రోజు నాలుగంతస్తులూ మెట్లమీదుగానే దిగాడు.

ప్రాంప్టర్ అంటే కెమెరా ముందుండే గాజుపలక. దానిమీద వార్త అక్షరాలై పైకి జరుగుతూ ఉంటుంది. యాంకర్ దాన్నే చదువుతుంది. చూసేవాళ్ళు అంతా ఆమెకు కంఠతా వచ్చనుకుంటారు. ఆ అక్షరాలు జరిపే చక్రం నత్త చేతిలో. వాటిని దిద్దే కీబోర్డు కూడా.

యాంకరమ్మ అందగత్తె. స్టూడియోలోకి ఆమె వస్తే లైట్‌మన్ రెండు బల్బులు తగ్గించుకోవచ్చు. చెప్పిన కోడ్ తడబడకుండా అప్పజెప్పింది. "అనుమానమంతా కెమెరాలు మార్చే ఆ స్విచ్చర్ మీదే," అంది మొదటి వారం. రెండోవారం గ్రాఫిక్స్ కుర్రాడి మీద అంది. నత్త ఆమె చూపించిన వాళ్ళ వెనకే తిరిగి తిరిగి అలిసిపోయాడు.

కెప్టెన్ కోర్టుకొచ్చే రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. "మీ బావ నోట్లో ముద్ద పెట్టుకోకుండా పోయాడ్రా. ఎవర్నో కోర్టుకు తీసుకెళ్ళాలట. నాకెందుకో గుండె దడదడగా ఉంది."

మధ్యాహ్నం మూడూ యాభై. వార్డ్‌రోబ్ గది ముందు ఇస్త్రీ పిన్ని తిట్ల వర్షం కురిపిస్తోంది. చానల్ బట్టలన్నీ ఆవిడ చేతిమీదే నలగకుండా ఉంటాయి.

"ఏంటి పిన్నీ?"

"ఏం చెప్పను నాయనా! మీ యాంకరమ్మ ఎర్రదీ ఆకుపచ్చదీ రెండు కోట్లూ ఇస్త్రీ చేయమంటుంది. అసైన్‌మెంట్ డెస్క్‌కి ఏదో ఫోనొచ్చేదాకా ఏది వేసుకునేదీ చెప్పదు. కోర్టుకు ఎవర్నో తెచ్చినప్పుడల్లా ఇదే వరస! ఇప్పటికి మూడోసారి. నేను మనిషినా, యంత్రాన్నా?"

నత్తకు ఎడిటర్ ముందున్న కాగితం గుర్తొచ్చింది. రంగు చూసి కదులు. యాంకరమ్మ ఎప్పుడో కాలరుకున్న మైక్ తీయడం మరిచి ఎవరికో ఆ మాట చెప్పుంటుంది. హెడ్‌ఫోన్లలో ఎడిటర్ విన్నాడు. వినే చచ్చాడు.

"ఇవాళ ఏ కోటు?"

"ఆకుపచ్చ."

చానల్ లైవ్ వ్యాన్ తూర్పు గేటుకు పోయింది, అంటే ఇవాళ కారు వచ్చేది అక్కడికే, ఆకుపచ్చకు అర్థం తూర్పు. కోర్టు వెయిటింగ్ హాల్లో గోడకు టీవీ ఉంది. పెద్దాయన, ఆయన మనుషులు అక్కడే మామూలు జనంలా కూర్చుని ఉన్నారు. హంతకుడూ ఆ జనంలోనే ఎక్కడో ఉండుంటాడు. నాలుగింటికి ఆకుపచ్చ చూసి తూర్పు గేటుకు నడుస్తాడు. నాలుగూ అయిదుకు బావ అక్కడ బ్రేకు వేస్తాడు. చానల్ నుంచి కోర్టుకు బండి ఎంత తొక్కినా ఇరవై నిమిషాలు. పెన్నులోని ట్రాన్స్‌మిటర్ గరగరమని నోరు మూసుకుంది. బావ కారూ అప్పటికే జామర్ల పరిధిలోకి పోయింది, ఫోన్ కలవలేదు.

నత్త జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు.

"యాంకర్ కోటు మార్పించండి సార్!"

అవుట్‌పుట్ ఎడిటర్ తలెత్తలేదు. "కోటా? అది వార్డ్‌రోబ్ వాళ్ళది."

"బులెటిన్ ఆపండి!"

కంట్రోల్ రూములో ప్యానెల్ ప్రొడ్యూసర్ నవ్వాడు. "ఆపేది మాస్టర్ కంట్రోల్ వాళ్ళు. ఇక్కడ లిస్టులో ఉన్నది వేయడమే మన పని. ప్రాంప్టర్ బాబూ, నీ కుర్చీలోకి నువ్వు పో."

మాస్టర్ కంట్రోల్ తలుపు కార్డు గీస్తేగానీ తెరుచుకోదు. నత్త కార్డు ఆ తలుపుకు పనికిరాదు. మూడూ యాభై తొమ్మిది. ఆమె బల్ల దగ్గర కూర్చుంది. మీదపడి ఈడ్చినా లాభం లేదు. గార్డులు తననే బయటికి ఈడుస్తారు, ఆమె అదే కోటుతో మళ్ళీ కూర్చుంటుంది.

నత్త కుర్చీలో కూలబడ్డాడు. స్టూడియోకు ఎడమ పక్క వాతావరణం గోడ కనిపించింది. గోడంతా ఆకుపచ్చ. ఆ పచ్చను కంప్యూటర్ చెరిపేసి దాని చోట మ్యాపు పరుస్తుంది. వాతావరణం చెప్పే అమ్మాయి అయిదింటికి గానీ రాదు. యాంకరమ్మ ఆ గోడ దగ్గరికి ఇంతవరకూ వెళ్ళిన పాపాన పోలేదు.

ఎర్రలైటు వెలిగింది. హెడ్‌లైన్లు మొదలయ్యాయి. ఆ ముప్పావు నిమిషం తెరమీద బొమ్మలే ఉంటాయి. యాంకర్ గొంతే తప్ప మనిషి కనబడదు. నత్త ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో టైపు చేశాడు. అయిదో హెడ్‌లైన్ కింద రెండు వాక్యాలు చేరాయి.

యాంకరమ్మకు కనబడింది చదవడం అలవాటు. చదివేసింది.

"అన్నిటికంటే ముందు, తుఫాను హెచ్చరిక. నేరుగా వాతావరణ పటం దగ్గరికి వెళుతున్నాను."

"తుఫానా? ఎవడు పెట్టాడు?" ప్యానెల్ ప్రొడ్యూసర్ అరిచాడు.

"ఇన్‌పుట్ వాళ్ళు పంపుంటారు," అన్నాడు అవుట్‌పుట్ ఎడిటర్.

"అవుట్‌పుట్ వాళ్ళే వేసుంటారు," అన్నారు ఇన్‌పుట్ వాళ్ళు.

"ఎవరిదైతేనేం, లైవ్‌లో అనేసింది! గోడ! కెమెరా మూడు! మ్యాపు వెయ్!"

ఫ్లోర్ మేనేజర్ రెండు చేతులూ ఊపుతున్నాడు. యాంకరమ్మ ఒక్క క్షణం నత్త వంక చూసింది. కళ్ళలో నిప్పు, పెదాలమీద చిరునవ్వు. ఎక్కడ నిలబడితేనేం, ఒంటిమీద కోటుంది కదా అనుకుంది. నాలుగడుగులు వేసి గోడ ముందు నిలబడింది.

"టేక్!"

నత్త మానిటర్ వంక చూశాడు. 

తెరంతా మేఘాలు. వాటి మధ్య యాంకరమ్మ తల, కింద రెండు చేతులు. నడుమ కోటున్న చోట సముద్రం, దానిలో సుడి తిరుగుతున్న తుఫాను. ఆకుపచ్చ అన్నది మచ్చుకైనా లేదు. తల నవ్వుతూ తీరప్రాంతాల వాళ్ళను జాగ్రత్తగా ఉండమంది.

కోర్టు వెయిటింగ్ హాలు ఒక్కసారిగా గొల్లుమంది. గుమాస్తాలు పొట్టలు పట్టుకున్నారు. పోలీసాయన టోపీ జారిపోయింది. పెద్దాయన మాత్రం టీవీ చూడలేదు. జనం మొహాలు చూస్తూ కూర్చున్నాడు. అంతమందిలో ఒకే ఒక్కడు నవ్వలేదు. నల్లకోటు, చంకలో లావుపాటి కేసు కట్ట. అతను లేచి తెర దగ్గరికెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా, పోయిన వస్తువు వెతుక్కుంటున్నట్టు చూస్తున్నాడు.

"ఏం వకీలుగారూ, రంగు కనబడలేదా?" పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కేసు కట్ట విప్పితే కాగితాలు రెండే. మిగతాదంతా సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

ఇక్కడ స్టూడియోలో ప్రకటనలు పడగానే యాంకరమ్మ వెనక తలుపు వైపు పరుగుతీసింది. గుమ్మానికి అడ్డంగా ఇస్త్రీ పిన్ని.

"కోటు!"

"తప్పుకో. అర్జెంటు."

"నీకెంత అర్జెంటైనా నాకెందుకమ్మా? చానల్ కోటు. విప్పి, నలగలేదని చూపించి, పుస్తకంలో సంతకం పెట్టి పో."

అద్దాల మేడల్లో ఎన్ని తలుపులు తప్పించుకున్న మనిషో, ఆ ఒక్క గుమ్మం దాటలేకపోయింది. నత్త వచ్చి ఉక్కుతీగతో ఆమె చేతులు వెనక్కి కట్టేదాకా పిన్ని పుస్తకం చాచే ఉంది.

"కుర్చీ స్క్రూ బిగిసిందమ్మా," అన్నాడు నత్త. "వడ్రంగి డ్యూటీకొచ్చాడు."

సాయంత్రం అక్క ఫోన్. వెనకాల కంచం చప్పుడు, బావ గొంతు.

"మీ బావ వచ్చాడ్రా. ఏమీ జరగలేదట, ఈగ కూడా వాలలేదట. అన్నట్టు మీ చానల్లో ఆ ఒళ్ళులేని తలేంట్రా? పిల్లలు జడుసుకున్నారు."

"చిన్న పొరపాటక్కా."

"ఏం పొరపాట్లో! మీ బావకైతే రోజూ ప్రాణాలతో చెలగాటం. నీకేం నాయనా, చల్లటి గదిలో కూర్చుని అక్షరాలు జరపడమేగా."