కొలత తప్పిన కుర్చీ

మొదటి రోజే గొడవ. పడగొట్టిన తమ పాతింటి టేకు తలుపును ఒకమ్మాయి వ్యాన్‌లో తెచ్చి నా వడ్రంగి షెడ్డు ముందు దింపించింది. వాళ్ళ అమ్మమ్మ కొలతలున్న కాగితం నా చేతిలో పెట్టింది.

"దీంతో మా అమ్మమ్మకి కుర్చీ చెయ్యాలి. పాత రంగు పోకూడదు."

"చిత్రిక పట్టకుండా కుర్చీ అవదండీ."

"అయితే మీకు పని రాదన్నమాట."

ఒళ్ళు మండింది. అయినా ఒప్పుకున్నాను. రంగు వైపు ముట్టుకోకుండా వెనకవైపే చిత్రిక పడతానని మాట కూడా ఇచ్చాను. ఎందుకిచ్చానో ఆమె వెళ్ళాక నాకే అర్థం కాలేదు.

వందేళ్ళ చెక్కలో ఎక్కడ ఏ మేకు దాగుందో తెలీదు. అయస్కాంతంతో అంగుళం అంగుళం తడిమి, అన్నీ పీకాకే రంపం పెట్టాలి. ఆ పనంతా ఆమె రోజూ వచ్చి, స్టూలు మీద కూర్చుని చూసేది. కిటికీ ఎండలో రంపప్పొట్టు తేలుతూ వెళ్ళి ఆమె జుట్టు మీద వాలేది. దులుపుకోమని చెప్పేవాణ్ణి కాదు.

"నిద్రపోతున్నారా?" అనేది, నా చేతిలో రంపం ఆగిపోతే.

"ఆలోచిస్తున్నానండీ."

"చెక్క గురించేనా?"

"చెక్క గురించే," అని అబద్ధమాడేవాణ్ణి.

కుర్చీ పూర్తయిన రోజు దిగులు పట్టుకుంది. రేపటి నుంచి ఆమె ఇక్కడికి రావడానికి కారణమేదీ లేదు.

అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పిట్టంత మనిషి. కుర్చీలో కూర్చుంటే ఆవిడ కాళ్ళు నేలకి బెత్తెడు పైన ఊగాయి. కొలతల కాగితం జేబులో పెట్టుకుని మరీ పప్పులో కాలేశాను.

"నువ్వు కూర్చోవే," అంది అమ్మమ్మ లేచి.

మనవరాలు కూర్చుంది. పాదాలు నేలకి ఆనాయి, మోచేతులు కుర్చీ చేతుల మీద సరిగ్గా అమరాయి.

"మా పిల్ల కొలతలు ఎప్పుడు తీశావు బాబూ?"

"తియ్యలేదండీ. రోజూ చూశాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"కుర్చీ కాళ్ళు కోసిచ్చేస్తాను. సాయంత్రానికి అయిపోతుంది," అన్నాను గబగబా.

"కొయ్యకండి," అందామె, లేవకుండానే. "ఇది నాది. తలుపు ఇంకా సగం మిగిలిందిగా, అమ్మమ్మకి ఇంకోటి చెయ్యండి. ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు రాకపోతే వారం. వస్తే రెండు నెలలు." అక్కడితో ఆగలేకపోయాను. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"అయితే రోజూ వస్తాను," అంది, తల వంచుకుని.

అమ్మమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ సంగతి బాగానే ఉంది. ఈసారి రంపం పట్టే ముందు నా వంక కూడా ఒకసారి చూడు నాయనా."