చిన్న క్యాబినెట్

తొమ్మిది కొట్టకముందే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. బుడే సాయిబు పరుపు అంచు కుట్టడం ఆపి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇంతలో ఇంట్లోంచి కోడలు సిద్దికా గొంతు వినిపించింది.

"అత్తా, మళ్ళీ ఆగిపోయింది!"

ఆ మాటకి అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. కంప్యూటర్ వేడెక్కి దానంతటదే ఆరిపోయింది. రెండు గంటల నుంచి తయారవుతున్న పెళ్లి వీడియో, ఇంకాసేపట్లో పూర్తవుతుందనగా మొదటికొచ్చింది. బుడే భార్య నసీమున్నీసా తడి దుప్పటి తెచ్చి కిటికీకి కట్టింది. టేబుల్ ఫ్యాను ఎత్తుకొచ్చి, పక్క మూత తీసేసిన కంప్యూటర్ ఎదురుగా పెట్టింది.

"మనుషులకే ఈ గాలి చాలట్లేదు. దానికేం చాలుతుందిలే అమ్మా" అంది.

"ఇంక రెండ్రోజులు ఓర్చుకుంటే చాలత్తా. క్యాబినెట్ ఒక్కటొస్తే కొత్తది బిగించుకోవచ్చు" అంది సిద్దికా.

భర్త సాదిక్ ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకి అతను వీడియో తీసేవాడు, ఆమె ఎడిటింగ్ చేసేది. వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జంటకి మంచి పేరుండేది. ఏడాదిన్నర కిందట డెంగ్యూ జ్వరం వచ్చి, అయిదు రోజుల్లో మనిషి లేకుండా పోయాడు. నలభయ్యో రోజు అయ్యాక అద్దంకి నుంచి పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచారు. సిద్దికా వెళ్ళలేదు. "నేను కూడా పోతే ఈ ఇంట్లో దీపం పెట్టేదెవరు?" అంది. ఆ మాట బుడే మనసులో అలాగే నిలిచిపోయింది.

పోయే ముందు నెలలోనే సాదిక్ కంప్యూటర్‌ని నీళ్ళతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ ఒకటి కొన్నాడు. మన ఎండలకి మామూలు ఫ్యాన్లు ఆగవని, ముందు ఇది కొని మిగతావి ఒక్కొక్కటే కూర్చుకుందామని అతని ఆలోచన. ఆ డబ్బా బీరువా మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ దించలేదు. ఇప్పుడు సిద్దికా తన సంపాదనతో మిగతావన్నీ తెప్పించుకుంది. వాటన్నిటినీ బిగించే పెట్టె, అదే క్యాబినెట్, ఒక్కటే మిగిలింది.

పరుపు గుడ్డ కోసం బుడే ఆ రోజు గుంటూరు వెళ్తున్నాడు. సిద్దికా ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

"మామా, షాపులో అలేఖ్య అని ఒకమ్మాయి ఉంటుంది. నేను ఫోన్ చేసి చెప్పాను. చిన్న క్యాబినెట్ ఒకటి పక్కన పెట్టింది. అదే తీసుకురండి."

"చిన్నదైతే సాదిక్ కొన్నది పడుతుందా?"

"అదే కదా మామా నాలుగు రోజుల నుంచి వెతికింది! కూలర్‌కి కారు రేడియేటర్ లాంటి పలక ఉంటుంది, మూడు ఫ్యాన్లతో. దాని పొడవే దాదాపు నలభై సెంటీమీటర్లు. చాలావరకు చిన్న పెట్టెల్లో అది కూర్చోదు. ఇందులో కూర్చుంటుంది."

"పెద్దదే తీసుకుంటే ఈ గొడవుండదుగా?"

సిద్దికా ఒక్క క్షణం తడబడింది. "గదిలో చోటు లేదు కదా మామా" అని లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో నరసరావుపేట దాటాక, వెనక సీట్లోంచి పీరు లేచొచ్చి పక్కన కూర్చున్నాడు. వాళ్ళ వీధివాడే.

"ఏం బుడే మామా, కోడల్ని ఒంగోలు పంపిస్తున్నావంటగా? మా చెల్లెలు చెప్పింది. అది ఉండే లేడీస్ హాస్టల్‌లోనే చేరుతోందిగా, ఒకటో తారీఖు నుంచి. అక్కడేదో పెద్ద స్టూడియోలో పనంట."

బుడే "ఆఁ... అవును" అని మాత్రం అన్నాడు. కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతున్నా పక్కకి జరగలేదు. చిన్నది ఎందుకు కావాలో అప్పుడర్థమైంది. చోటు లేక కాదు. మోసుకుపోవడానికి.

షాపులో అలేఖ్య మర్యాదగా కుర్చీ వేసింది. "సిద్దికా మేడమ్ వాళ్ళ మామయ్యగారేనా? మీ పీస్ రెడీగా ఉందండి" అంటూ ఒక అట్టపెట్టె వైపు చెయ్యి చూపించింది.

బుడే దానివైపు చూడలేదు. షాపు మధ్యలో ఒక అద్దాల క్యాబినెట్ ఉంది. నడుం ఎత్తున ధాన్యం గరిసెలాగా నిలబడి ఉంది.

"అదెంత బరువుంటుందమ్మా?"

"అదా అండీ? ఖాళీదే ఇరవై కిలోలు. అన్నీ బిగిస్తే ఇద్దరు పట్టాలి. అయినా మేడమ్ చిన్నదే అన్నారు కదా?"

"మనసు మార్చుకుంది. పెద్దదే ఇవ్వు" అన్నాడు బుడే. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. ఆటోవాడు, బుడే కలిసి పెట్టెని మోసుకొచ్చి ముందుగదిలో దించారు. సిద్దికా ఆత్రంగా వచ్చి చూసి ఆగిపోయింది.

"మామా, ఇది కాదు."

"చిన్నదాంట్లో పట్టలేదమ్మా. కొలిచి చూశా. ఇదైతే ఇంట్లో దర్జాగా ఉంటుంది, ఒక మూల" అన్నాడు బుడే, చెప్పులు విప్పుకుంటూ. ఆమె కళ్ళలోకి చూడలేదు.

సిద్దికా వెంటనే షాపుకి ఫోన్ చేసింది. అలేఖ్య మాటలు గదిలో అందరికీ వినపడ్డాయి. "కొలవడమా? ఆ పీస్ పెట్టెలోంచి బయటికే తియ్యలేదు మేడమ్. ఆయనే వద్దన్నారు. మీరు మనసు మార్చుకున్నారన్నారు!"

సిద్దికా ఫోన్ పెట్టేసి మామ వైపు తిరిగింది. 

"నా పేరు చెప్పి అబద్ధం ఎందుకాడారు మామా?" అంది.

"నువ్వాడలేదా? గదిలో చోటు లేదన్నావు. ఒంగోలులో హాస్టల్ చూసుకున్నావు. నాకెవరు చెప్పారు? పీరుగాడు! బస్సులో, పదిమందిలో! నా ఇంటి సంగతి నేను వీధివాడి నోట వినాలా?"

"చెప్దామనే మామా... రోజూ అనుకుంటున్నా. మీ మొహం చూస్తే నోరు రాక..."

"వెళ్ళేదానివి అప్పుడే వెళ్ళాల్సింది. మీవాళ్ళు వచ్చిన రోజే. మాకు అలవాటు చేసి ఇప్పుడు పోతావా? నీకేం తక్కువ చేశాం?"

సిద్దికా ఏడుపు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ నసీమున్నీసా ముందుకొచ్చింది.

"ఇంక చాలు. ఆ పిల్లనేం అనబాక. నేనే పొమ్మన్నా."

బుడే తలెత్తాడు. "నువ్వా?"

"నేనే. ఒంగోలు వాళ్ళు ఫోన్ చేసి రెండు నెలలైంది. ఇక్కడ ఆ పిల్ల రాత్రీపగలూ చేసిన పనికి వేరేవాళ్ళు పేరేసుకుంటున్నారు. అక్కడ సిద్దికా అని తన పేరు పడుద్ది. సొంత మిషన్ తెచ్చుకోమన్నారు. వెళ్ళనని నా ఒళ్ళో పడి ఏడిస్తే, వెళ్ళమని నేనే కేకలేశా."

"మనం ఎలా ఉంటామే?"

"ఉంటాం. ఎవరు మాత్రం ఉండట్లేదు?" నసీమున్నీసా గొంతు తగ్గింది. "ఇరవై ఆరేళ్ళ పిల్ల. కొడుకు పోయాడని మన దుఃఖానికి దాన్ని కాపలా పెట్టుకుందామా? నువ్వా పెద్ద పెట్టె ఎందుకు తెచ్చావో నాకు తెలవదనుకున్నావా? కదలకూడదనే కదా!"

బుడే బయటికి పోయి షెడ్డులో దూది బస్తాల మధ్య కూర్చున్నాడు. కోపం చాలాసేపు ఉంది. అది దిగిపోయాక మిగిలింది సిగ్గు. కన్నవాళ్ళు చేతులు పట్టుకుని పిలిచినా కాదని తమ కోసం ఉండిపోయిన పిల్ల. మందులు టైముకి ఇచ్చిన పిల్ల. తను భోజనానికి లేవకపోతే తానూ కంచం ముందు కూర్చోని పిల్ల. ఆమె ఉన్నది ప్రేమకొద్దీ. తను దాన్ని ఇరవై కిలోల ఇనుముతో కట్టెయ్యబోయాడు. చిన్నప్పుడు సాదిక్‌ని తప్పు చేసినప్పుడు కొట్టినా కొట్టాడేమో గానీ, వాడితో ఏనాడూ అబద్ధం ఆడలేదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద పెట్టెకి మళ్ళీ తాళ్ళు కట్టి ఉన్నాయి.

"సిద్దికా, బీరువా మీద డబ్బా దించమ్మా. ఈసారి పెట్టి చూసుకునే తెస్తా."

సిద్దికా స్టూలు వేసుకుని డబ్బా దించింది. కొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

గుంటూరు షాపులో అలేఖ్య ఇబ్బందిగా చూసింది. "అయ్యో, పెద్దది వెనక్కి తీసుకుంటాం గానీ, ఆ చిన్న పీస్ నిన్న సాయంత్రమే అమ్మేశామండీ. ఇంకో మోడల్ ఉంది, ఇంచుమించు అంతే. కానీ మేడమ్ కూలర్ పడుతుందో లేదో చెప్పలేను."

"తియ్యమ్మా. చూద్దాం."

డబ్బా విప్పి, లోపలి కవర్ తీసి, బుడే ఆ పలకని మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాడు. సన్నని రేకుల వరసలు, రెండు నల్లటి గొట్టాలు, వాటి చివర పిడికెడంత పంపు. కొడుకు దీన్ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుని ఉంటాడో!  అలేఖ్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"మావాడు కొన్నాడమ్మా, ఇది. బిగించుకోకుండానే పోయాడు" అన్నాడు. ఆ అమ్మాయి కిందే కూర్చుని క్యాబినెట్ మూతలు విప్పడం మొదలుపెట్టింది.

ముందు పెట్టె పైకప్పు కింద పెట్టి చూశారు. పొడవు సరిపోయింది గానీ, ఫ్యాన్లతో కలిపి అయిదు సెంటీమీటర్ల మందం కిందికి దిగింది. "ఇలా అయితే ర్యామ్ ముక్కలకి తగులుతుందండీ" అంది అలేఖ్య.

బుడే జేబులోంచి టేపు తీశాడు. మంచం కొలత చూడకుండా పరుపు కుట్టే అలవాటు అతనికి లేదు. ముందువైపు నిలువునా కొలిచాడు. పైనుంచి కిందికి, అడ్డంగా, మళ్ళీ మూల నుంచి మూలకి కొలిచాడు. "ఇక్కడ నిలబెడితే?"

"నిలబడుద్దండీ. కానీ గ్రాఫిక్స్ కార్డుకి చోటు మిగలాలి. కార్డు పొడవెంతో?"

బుడే ఇంటికి ఫోన్ చేశాడు. రెండోసారి మోగకుండానే సిద్దికా ఎత్తింది.

"అమ్మా, నీ కార్డు ఎంత పొడవు?"

"ఇరవై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు మామా."

"పలక ముందువైపు నిలబెడితే ఇంకా ముప్పై మిగులుతోంది. చాలుతుందా?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "చాలుతుంది మామా. గొట్టాలు కిందికి వచ్చేట్టు నిలబెట్టి, ప్రాసెసర్ దాకా అందుతాయేమో చూడండి."

"అందుతున్నాయి. చూశా. మోసి కూడా చూశా. నువ్వొక్కదానివే ఎత్తగలవు" అన్నాడు బుడే.

 ఆమె ఏడుస్తోందని ఫోన్లోంచే తెలిసింది. బుడే కూడా కళ్ళు తుడుచుకుని, "సాయంత్రానికి వస్తా. అన్నం తిను" అని పెట్టేశాడు.

రెండో రోజు మధ్యాహ్నం కొత్త కంప్యూటర్ మొదలైంది. బయట నలభై నాలుగు డిగ్రీలు. పెళ్లి వీడియో ఆగకుండా చివరిదాకా నడిచింది. నసీమున్నీసా పంపు మీద చెవి పెట్టినంత దగ్గరగా వంగి, "చప్పుడే లేదేంటే? పనిచేస్తోందా?" అని మూడుసార్లు అడిగింది.

ఆ వారమంతా బుడే షెడ్డులో ఒక చిన్న పని పెట్టుకున్నాడు. కంప్యూటర్‌కి నాలుగువైపులా మందంగా దూది కూరి, మెత్తటి సంచి కుట్టాడు. బస్సు ఎంత కుదిపినా దాని పక్కనున్న అద్దం పగలకుండా, భుజానికి తగిలించుకునేందుకు వెడల్పాటి పట్టీ కూడా వేశాడు. సిద్దికా వచ్చి పక్కనే కూర్చుని దారం అందించింది.

"మామా, నిజంగా వెళ్ళమంటారా?"

"కుడుతున్నా కదా" అన్నాడు తల ఎత్తకుండానే.

ఒకటో తారీఖున అతనే తోడు వెళ్ళాడు. హాస్టల్ గది చూశాడు, తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూశాడు. స్టూడియోలో మిషన్ పెట్టే బల్లని కదిలించి చూశాడు. సిద్దికా స్విచ్ వేసి, తెర వెలిగేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఇద్దరూ ఒంగోలు బస్టాండుకి వచ్చారు. వినుకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"ఆదివారం వస్తాను మామా. అత్తకి మోకాళ్ళ నొప్పుల మందు అయిపోవచ్చింది, మర్చిపోకండి."

"ఊఁ." బుడే మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. చెప్పాలా వద్దా అని దారంతా తన్నుకులాడిన మాట ఒకటి ఇంకా గొంతులోనే ఉంది. "సిద్దికా."

"చెప్పండి మామా."

"నీకింకా చాలా బతుకుంది. ఎప్పుడైనా... మంచివాడు ఎవరైనా తారసపడితే... మమ్మల్ని చూసి వెనక్కి తగ్గబాక."

"మామా! ఇప్పుడవన్నీ ఎందుకు?" సిద్దికా మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

"ఇప్పుడని కాదు. ఎప్పుడైనా. కాకపోతే ఒకటి. ముందు నాకు చెప్పాలి. మీ అత్తకి కాదు, ముందు నాకు. దాని నోట, పీరుగాడి నోట నేను వినకూడదు."

ఏడుస్తూనే సిద్దికా నవ్వేసింది. "మీకే చెప్తాను మామా. ఏదైనా ముందు మీకే చెప్తాను."

కండక్టర్ విజిల్ వేశాడు. బుడే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది. అతనూ ఊపాడు. పక్క సీట్లో కూర్చున్న ఒకావిడ, "కూతురా అన్నా?" అని అడిగింది. బుడే అవునన్నట్టు తలూపి, ఎవరు చూసినా చూడనీ అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాడు.