కన్ను లేని గది

ఇడ్లీ ముక్క మీదకు తన్మయి చెయ్యి తిన్నగా వెళ్ళింది. వేళ్ళు విచ్చుకున్నాయి, ముక్కను పట్టుకున్నాయి కూడా. హైమ గభాలున కూతురి చెయ్యి వెనక్కి లాగి ఒళ్ళో పెట్టేసింది.

"వద్దమ్మా! పైన చూస్తోంది," అంది పెదవులు కదలకుండా.

పైకప్పు మూలన ఉన్నది కొలతకన్ను. వైకల్యం ఉన్న పిల్లల ఇళ్ళకు తోడ్పాటు కేంద్రం ఇచ్చిన రెండు యంత్రాల్లో అదొకటి. రెండోది చేదోడు. గోడ వెంట కదిలే దాని రెండు మెత్తని చేతులు పిల్లను ఎత్తుతాయి, తినిపిస్తాయి, స్నానం చేయిస్తాయి; ఏదైనా అడిగితే అది బదులు కూడా పలుకుతుంది. పిల్ల తనంతట తాను ఏం చేయగలదో కన్ను రోజంతా చూసి, విని, మార్కులు వేస్తుంది. అరవై దాటితే చేదోడు మరో ఇంటికి వెళ్ళిపోతుంది. తన్మయికి తొమ్మిదేళ్ళు, ముప్పై కిలోలు, పుట్టుకతోనే బిగుసుకుపోయిన కాళ్ళు. ఎత్తీ ఎత్తీ హైమ నడుము ఏనాడో పడిపోయింది. చేదోడు పోతే ఆ పిల్ల మంచం దిగదు. ఇడ్లీ ముక్క పట్టుకున్నంత మాత్రాన కాళ్ళొచ్చేస్తాయా? ఆ సంగతి కన్నుకు ఎవరు చెప్పాలి?

వెనకటి రోజుల్లో వైకల్యం సర్టిఫికెట్లిచ్చే శిబిరానికి పిల్లల్ని ఎత్తుకెళ్ళే తల్లులు "డాక్టరుగారి ముందు నిలబడకే" అని చెవిలో చెప్పేవాళ్ళట. హైమ చేసిందీ అదే. కాకపోతే అప్పుడు ఒక్క పూట, ఇప్పుడు పొద్దస్తమానం. పిల్ల చెయ్యి సాచితే లాగేసింది, ఏదో శబ్దం చేయబోతే "ష్" అంది. తన్మయి త్వరగానే నేర్చుకుంది.

పది గంటలకు తోడ్పాటు కేంద్రం ఉద్యోగి సత్తిరాజు వచ్చాడు.

"రెండేళ్ళుగా ఒక్క మార్కూ పెరగలేదండి," అన్నాడు చేతిలోని పలక చూస్తూ. "పాప మాటలేమన్నా అంటందాండి?"

"లేదండి." ఇది మాత్రం అబద్ధం కాదు.

"ఓ మంచి కబురు చెబుదామని వచ్చానండి. ఆ అరవై నిబంధన తీసేశారు. పాప ఎంత నేర్చుకున్నా చేదోడు మీ ఇంట్లోనే ఉంటదండి, ఆయ్."

"అలాగేనండి," అంది హైమ. అబ్బో, ఎంత తియ్యగా కూపీ లాగుతున్నాడో, అనుకుంది మనసులో.

అతను వెళ్ళాక అనుమానం ఇంకా ముదిరింది. చేతులు కడుక్కుంటానని స్నానాల గదిలోకి వెళ్ళాడు కదా! అక్కడ కన్ను పెట్టకూడదని చట్టం. పెట్టేసి పోలేదని ఏమిటి నమ్మకం? అప్పటికే చేదోడు తన్మయిని స్నానానికి తీసుకెళ్ళింది. రోజూ ఆ సమయంలో హైమ మేడ మీద బట్టలు ఆరేస్తుంటుంది. ఇవాళ బకెట్ మెట్ల దగ్గరే దించేసి వెనక్కి వచ్చింది.

తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

"వేడి... ఇంకొంచెం చన్నీళ్ళు."

"సరే," అంది చేదోడు.

"చాలు. అయ్యో, కళ్ళలో నురగ!" వెంటనే కిలకిలా నవ్వు.

మాట ముద్దగా ఉంది, తడబడుతోంది, అయినా మాటే. హైమ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

తన్మయి నవ్వు ఆగిపోయింది. నోరు వాలిపోయింది, చేతులు ఒళ్ళోకి జారాయి. తల్లి నేర్పిన పాఠం ఎక్కడా తప్పలేదు.

"తల్లీ, నువ్వు మాట్లాడుతున్నావే! ఎప్పటినుంచే? ఇక్కడ కన్ను లేదే బంగారం, చూడు, పైన ఏమీ లేదు. నాతో ఒక్క మాట అనవే!" హైమకు ఏడుపు ముంచుకొచ్చింది.

తన్మయి పైకి చూడలేదు. రెప్ప వేయకుండా తల్లినే చూసింది. ఆ చూపు హైమకు తెలుసు. తను కొలతకన్నును రోజూ చూసేది అలాగే.

ఎంత బతిమాలినా పిల్ల పెదవి కదపలేదు. నీళ్ళు చల్లారిపోతున్నాయని చేదోడు గుర్తు చేసింది. హైమ బయటకు వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

లోపల చేదోడు మళ్ళీ నీళ్ళు పోయసాగింది. తర్వాత గుసగుసగా వినిపించింది.

"అమ్మ వెళ్ళిపోయిందా?"