నూకాలమ్మ పేరు మీద

ఆ ఉదయం సుభాషిణి ముందు తేలుతున్న గుండె ఏలేశ్వరంలో ఇంకా పుట్టని ఒక బిడ్డది. నమూనాలో గుండె లక్షణంగానే ఉంది. దాని భాగాల పేర్లే చూడబుద్ధి కాకుండా ఉన్నాయి. "భాగం ఏడు", "భాగం ఏడు నకలు", "భాగం ఏడు నకలు కొత్తది", దాని కింద "ఇదే ఖాయం", ఆ కింద "ఇది అసలు ఖాయం". కొత్తగా చేరిన ఝాన్సీ నిన్న సాయంత్రం ఇంటికి పోయే తొందరలో చేసిన నిర్వాకం. రేపు ఈ పిల్లకు గుండెలో నలత చేస్తే దేన్ని బాగుచెయ్యాలమ్మా, ఉత్త ఖాయాన్నా, అసలు ఖాయాన్నా అని సుభాషిణి అడిగితే ఝాన్సీ తల దించుకుంది.

ఒకప్పుడు నమూనాలో పేరు తప్పు పడితే మహా అయితే ఒక యంత్రం తిరగకుండా ఆగిపోయేది. కాకినాడ హృదయశాలలో అలా కాదు. అవయవాలను జీవతంతువులతో అల్లే కాలం వచ్చాక, ప్రతి భాగమూ అల్లికలో ఉండగా ఒక్కసారే తన పేరు గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరున వచ్చిన ఆజ్ఞనే జన్మంతా వింటుంది. ఊరు, ఇంటిపేరు, మనిషి, అవయవం, భాగం అనే వరుసలో ఈ పేర్లన్నీ నామవృక్షంలో ఉంటాయి. మూలనమూనాలో ఒక కవాటపు రేకును కాస్త మందం చేస్తే చాలు, ఆ పేరున్న రేకు మనిషి ఒంట్లో తనంతట తానే మందమవుతుంది. కొయ్యనక్కర్లేదు, కుట్టనక్కర్లేదు. అందుకే రాష్ట్రం మొత్తానికి కత్తి పట్టడం తెలిసిన వైద్యులు ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

శాలలో ఒక అలవాటు ఉంది. దాన్ని తోడు వెయ్యడం అంటారు. పెరుగు గట్టిగా తోడుకునే ఇంటినుంచి గిన్నెలో కాస్త తెచ్చుకుంటామే, అదే పద్ధతి. కొత్త గుండెకు కవాటం మొదటినుంచీ గీస్తూ కూర్చోరు. ఎవరి ఒంట్లోనో ఏళ్ళ తరబడి చక్కగా ఆడుతున్న కవాటాన్ని తెచ్చి నమూనాలో అతికిస్తారు. అతికించాక మూలంతో బంధం తెంచి, భాగానికి కొత్త మనిషి పేరు పెట్టాలని నియమం. ఎవరూ తెంచరు. తెంచకపోతే మూలానికి చేసిన మరమ్మతు తోడు పడ్డ గుండెలన్నిటికీ దానంతటదే అందుతుంది మరి. ఒక్కచోట చేసిన మంచి వందమందికి చేరుతుంటే ఎవరైనా వద్దంటారా? సుభాషిణే కొత్తవాళ్ళందరికీ అలా నేర్పింది. నేర్పినందుకు మెచ్చుకోలు కూడా పొందింది.

అందరూ తోడు తీసుకునేది నూకాలమ్మ గుండెనుంచి. కామాడి నూకాలమ్మ కాకినాడ తీరాన ఏటిమొగలో ఎండుచేపలు అమ్మే మనిషి. ఎండలో, ఉప్పుగాలిలో ఇన్నేళ్ళు కష్టపడినా, శాల తొలిరోజుల్లో అల్లిన ఆమె ఎడమ కవాటం ఒక్కసారి మొరాయించలేదు. ఆమె మొహం శాలలో ఎవరూ చూసి ఎరగరు కానీ, ఆమె కవాటం మలుపులు అందరికీ కంఠతా వచ్చు.

ఝాన్సీని పంపించి సుభాషిణి నామవృక్షం తెరిచేసరికి నూకాలమ్మ శాఖ పసుపు రంగుకు తిరిగి ఉంది. మనిషి చివరి దశలో ఉంటే వృక్షం అలా చూపిస్తుంది. అయ్యో పాపం అనుకుంటూ, శాఖ ముగింపు ఏర్పాట్లు చూద్దామని ఆమె దాన్ని విప్పింది. కొమ్మల లెక్క చూసి కుర్చీలోంచి లేచింది.

ఒక మనిషి గుండె ఆగితే ఆ పేరున్న శాఖ మొత్తం కరిగిపోవాలి. అది చట్టం. పోయినవాళ్ళ పేర్లతో దొంగచాటుగా అవయవాలు అల్లి అమ్ముకున్న రోజులుండేవి. వాటిని ఆపడానికి పెట్టిన కట్టడి అది. వృక్షానికి గుండె చప్పుడే సాక్ష్యం. దానితో బేరాలు, బతిమాలుకోవడాలు ఉండవు. ఇప్పుడు నూకాలమ్మ పేరు కింద ఉన్నది ఒక్క కవాటం కాదు. రెండు వందల పైచిలుకు. పిఠాపురంలో బడికి వెళ్ళే పిల్లలోది, తునిలో పాలు తాగే బిడ్డలోది, అన్నీ ఆమెవే. యంత్రం దృష్టిలో అవి వేరే మనుషుల భాగాలు కావు. నూకాలమ్మ భాగాలే, వేరేచోట ఉన్నాయి, అంతే. ఆమె గుండె ఆగిన క్షణాన అవన్నీ బెల్లం ముక్కల్లా కరుగుతాయి.

ఒకసారి అల్లాక పేరు మార్చడానికి వీల్లేదు. కొత్త కవాటం అల్లి, పాతదాన్ని కోసి తీసి, కొత్తది పెట్టాలి. దానికి ఇద్దరే ఇద్దరు వైద్యులు.

నూకాలమ్మ కొడుకు లోవరాజు ఆసుపత్రి వరండాలో నేలమీద కూర్చుని ఉన్నాడు. ఏటిమొగలో పడవలు బాగుచేస్తూ, అప్పుడప్పుడు సముద్రం మీద వేటకూ వెళ్ళే మనిషి. తల్లికి వెన్నులో క్యాన్సర్. దాన్ని ఏ తంతువులూ బాగుచెయ్యలేవు. దానిమీద పక్షవాతం వచ్చి తెలివి తప్పింది. ఇక లేవదని వైద్యులు చెప్పేశారు. శ్వాసయంత్రం మర్నాడు పొద్దున తియ్యడానికి అతను ఒప్పుకున్నాడు, చుట్టాలకు కబురు కూడా వెళ్ళింది. నన్ను గొట్టాలతో పడుకోబెట్టకురా, నొప్పితో చచ్చిపోతున్నాను, వదిలెయ్యరా అని తెలివి ఉన్నప్పుడు చేతిలో చెయ్యి వేయించుకుందట.

సుభాషిణి అతని పక్కనే నేలమీద కూర్చుని అంతా చెప్పింది. తోడు అలవాటు నేర్పింది తనేనని కూడా చెప్పింది.

"పిల్లలాండి?" అన్నాడు లోవరాజు.

"ఎక్కువమంది పిల్లలే. వానలు వెనకబట్టేదాకా ఉండనివ్వండి. ఈలోపు అందరికీ మార్పించేస్తాం."

"ఎండుచేపలు కొనడానికొచ్చిన పిల్లల్ని కూడా ఉత్త చేతుల్తో పంపేది కాదండి మా అమ్మ. అలాగే కానీండి. నొప్పి తెలియకుండా మాత్రం చూడండి."

తెలివే లేదు, నొప్పెక్కడిదండీ అంది సుభాషిణి. అప్పటికి అది నిజమే.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఇద్దరు వైద్యులూ రాత్రీ పగలూ కోస్తూనే ఉన్నారు. వాళ్ళు పదిమందిని విడిపిస్తే శాఖలో వందమంది చేరుతున్నారు. అదెలాగో కనుక్కోవడానికి సుభాషిణికి కొన్ని వారాలు పట్టింది. నెల్లూరునుంచి శ్రీకాకుళం దాకా ప్రతి శాలలోనూ ఇప్పుడు స్వయంకర్తలు ఉన్నాయి, మనిషి సాయం లేకుండా నమూనాలు గీసే యంత్రాలు. తోడు కోసం అవి ఎక్కువకాలం ఆడిన కవాటాన్ని, ఎక్కువ శ్రద్ధగా కాపాడుతున్న కవాటాన్ని ఏరుకుంటాయి. రాష్ట్రంలో నూకాలమ్మ గుండెను కాపాడుతున్నంత శ్రద్ధగా ఇంకే గుండెనూ ఎవరూ కాపాడటం లేదు. ఇక వాటికి పని నేర్పింది కాకినాడ శాల పాత నమూనాలే. బంధం తెంచకపోవడం కూడా అక్కడే నేర్చుకున్నాయి, మంచి శిష్యులు కదా. సుభాషిణి రాజధాని దాకా వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి దాన్ని ఆపించేసరికి శాఖలో వేలమంది ఉన్నారు. ఇద్దరు వైద్యులకు ఇంకో జన్మ ఎత్తినా తీరే పని కాదు.

చెప్పిన గడువుకు లోవరాజు వచ్చాడు. అతనికి నామవృక్షం చూపించింది. గదంతా నిండిన ఆ పసుపు కొమ్మల్ని అతను తలెత్తి చూశాడు.

"ఇంకెన్నాళ్ళండి?"

సుభాషిణి ఉన్న లెక్క చెప్పింది. అతను కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది. తల్లి గదిలోకి వెళ్ళి, దుప్పటి తొలగించి రెండు పాదాలకూ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పక్షం గడిచాక మళ్ళీ వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. తల్లి బట్టల సంచీ తీసుకెళ్తానన్నాడు. చుట్టాలందరూ వచ్చారనీ, సముద్రం ఒడ్డున దినవారాలన్నీ పద్ధతిగా జరిపించాననీ మామూలుగా చెప్పాడు. అంతదాకా ఊపిరి ఆడుతున్న మనిషికి కర్మ చేసినవాళ్ళు లేరు. తర్వాత చాలామంది చేశారు.

"మా అమ్మ పోయిందండి," అన్నాడు. "మాటిచ్చాను, నా చేతుల్తో సాగనంపేశాను. ఇక్కడున్నది మీదే. మీరే చూసుకోండి."

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఒక పేరు మీద ఎంతమంది ఆధారపడి ఉంటే వృక్షం ఆ పేరుకు అంత ఎక్కువ పోషణ పంపుతుంది. అది దయా కాదు, మరొకటీ కాదు, లెక్క. వేలమందికి సరిపోయే తంతువులు ఒక్క ముసలి శరీరంలోకి చేరాయి. మెదడులో చచ్చిన నరాల్ని ఒక్కొక్కటే మళ్ళీ అల్లాయి. వెన్నులోని క్యాన్సర్ జోలికి మాత్రం పోలేదు, అది అవయవం కాదు గనక దానికి పేరు లేదు. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నూకాలమ్మ కళ్ళు తెరిచింది. ఊపిరి తనే తీసుకుంటోందని గొట్టం తీశారు. ముందు మూలిగింది. తర్వాత మాట వచ్చింది.

"మా లోవడేడమ్మా?"

సుభాషిణి ఉన్న పళంగా ఏటిమొగ వెళ్ళింది. లోవరాజు పడవ అడుగున చిల్లికి మాసిక వేస్తున్నాడు. జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది. ఆమె చెప్పింది విని చేతిలో పని ఆపాడు.

"మాటాడుతోందా?"

"మాట్లాడుతోంది. మిమ్మల్నే అడుగుతోంది."

"నొప్పో?"

అబద్ధం చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది. ఉందండి, మందులు కొద్దిగానే పనిచేస్తున్నాయి అంది.

లోవరాజు ఇసుకలో చతికిలబడ్డాడు. "నేను పిండం పెట్టానండి అమ్మకి. కాకి ముట్టింది. అందరం చూశాం. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఎల్లను? నువ్వు చచ్చిపోయావే అని చెప్పనా? ఎందుకింకా బతికున్నానురా అంటే ఏం చెప్పనండి?" మగమనిషి పడవ చాటున వెక్కి వెక్కి ఏడుస్తుంటే సుభాషిణి దిక్కుతోచక నిలబడింది. రమ్మని రెండోసారి అడగకుండానే వెనక్కి తిరిగింది. అతను రాలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి నూకాలమ్మ తలుపు వైపే చూస్తోంది. నొప్పికి పళ్ళు బిగబట్టి ఉంది. సుభాషిణి వెనక ఇంకెవరూ లేరని చూసుకుని, ఏడని కళ్ళతోనే అడిగింది.

"వేటకెళ్ళాడటమ్మా. వస్తాడు."

నూకాలమ్మ నమ్మింది. సముద్రం మీదకెళ్ళిన మనిషి రావడానికి ఎన్ని రోజులైనా పట్టొచ్చని ఆమెకు తెలుసు. సుభాషిణి చెయ్యి పట్టుకుని, మూలుగు ఆపుకుని నెమ్మదిగా అంది.

"సరేలేమ్మా. వాడొచ్చేదాకా ఎలాగోలా ఉంటాను. ఒక్కసారి వాణ్ణి చూసి పోతాను."